కేసులున్న నాయకుడికి ఓటు ఎందుకు వేస్తారంటే... ఒకసారి నేనూ వేశాను

"నేరచరిత్ర ఉందని తెలిసి కూడా జనం అలాంటివాళ్లనే ఎందుకు గెలిపిస్తారు? చదువు లేకనా, డబ్బుకు ఆశపడా?" అని ఒకరు నన్ను అడిగారు. నేను డిగ్రీ చదివాను, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. అయినా ఒకసారి అలాంటి వ్యక్తికే ఓటు వేశాను కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు కొంత ఉందనుకుంటాను.

హైదరాబాద్‌లో మూసీకి దగ్గరగా ఉన్న ఒక బస్తీలో పెరిగాను. ఒక వానాకాలం మా గల్లీలో మ్యాన్‌హోల్ పొంగి, మురుగు గడప దాటి వంటింట్లోకి వచ్చింది. బియ్యం డబ్బా, పుస్తకాలు మంచం మీదకు ఎక్కించి మేమూ అక్కడే కూర్చున్నాం. నాన్న అర్జీ రాసుకుని ఒక కార్యాలయం చుట్టూ నాలుగు రోజులు తిరిగారు. ఒకరు అది తమ పరిధి కాదన్నారు, మరొకరు సారు లేరన్నారు. ఐదో రోజు అమ్మ చెప్పాపెట్టకుండా బస్తీ నాయకుడి ఇంటికి వెళ్లింది. ఆయన మీద కొట్లాట కేసు, స్థలం కబ్జా కేసు ఉన్నాయని అందరికీ తెలుసు. అమ్మ మాట పూర్తి కాకముందే ఆయన ఫోను తీశారట. సాయంత్రానికి పూడిక తీసే ఎయిర్‌టెక్ యంత్రం గల్లీ మొదట్లో ఆగింది. ఆయన లుంగీ ఎగ్గట్టి ఆ నీళ్లలోనే నిలబడి పని చేయించారు. ఆ రాత్రి భోజనం దగ్గర నాన్న ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

తరువాతి కార్పొరేషన్ ఎన్నికల్లో ఆయన నిలబడ్డారు. ఎదుట పోటీ చేసింది ఒక రిటైర్డ్ మాస్టారు, మచ్చలేని మనిషి. కరపత్రం మీద కూడా అదే అచ్చు వేయించుకున్నారు. మాస్టారు ఫోను చేస్తే యంత్రం వస్తుందా అని మా ఇంట్లో ఎవరూ పైకి అడగలేదు. నిజం చెప్పాలంటే ఆ కేసులే మాకు ఆయన యోగ్యతాపత్రంలా కనిపించాయి. ఎస్‌ఐ ఎదుట కుర్చీ లాక్కుని కూర్చోగల మనిషి, అధికారి చేత పని చేయించగల మనిషి మావైపు ఉన్నాడనుకున్నాం.

చదువు లేకపోవడం కారణమైతే, అక్షరాస్యత పెరిగే కొద్దీ ఇలాంటివారు తగ్గాలి కదా. నామినేషన్‌తో పాటు అభ్యర్థులు ఇచ్చే అఫిడవిట్ల ఆధారంగా, ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ అనే సంస్థ తీసిన లెక్క చూడండి: 2009లో గెలిచిన లోక్‌సభ సభ్యులలో 162 మంది తమపై క్రిమినల్ కేసులున్నాయని ప్రకటించారు. 2014లో 185, 2019లో 233, 2024లో 543 మందికి 251.

ఇక డబ్బు. పంచుతారు, కాదనను. మా బస్తీలో కవర్లు రెండు పార్టీలవీ వచ్చేవి, రెండూ తీసుకుని తమకు నచ్చినవాడికే వేసేవారు. డబ్బు బలం అసలు తేలేది టికెట్ దగ్గర. మన దగ్గర అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. ఆ అంకెలు చెబితే మా గల్లీలో పిల్లలు కూడా నవ్వుతారు. సొంత డబ్బు పెట్టుకోగలవాడు దొరికితే పార్టీకి అంతకన్నా ఏం కావాలి? కేసులున్న వ్యక్తికే టికెట్ ఎందుకిచ్చారో, కేసులు లేనివారిని ఎందుకు ఎంచుకోలేకపోయారో చెప్పాలనీ, గెలుస్తాడన్నది ఒక్కటే కారణంగా చూపకూడదనీ 2020లో సుప్రీంకోర్టు పార్టీలను ఆదేశించింది. ఆ ప్రకటనలు చదివి చూడండి, ప్రతివాడూ ప్రజాసేవకుడే!

ఒక మాట మాత్రం న్యాయంగా చెప్పాలి. తెలంగాణలో కేసుల సంఖ్య చూసి మనిషిని తేల్చేయకండి. ఉద్యమకాలంలో రైల్ రోకోలు, రాస్తారోకోలు చేసినవారి మీద కూడా కేసులున్నాయి. అఫిడవిట్‌లో సెక్షన్లు చదవాలి, అవి ఎన్నేళ్లుగా నడుస్తున్నాయో చూడాలి. రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే పదవి వెంటనే పోతుందని 2013లో కోర్టు తేల్చింది, మంచిదే. కానీ శిక్ష పడాలంటే ముందు విచారణ ముగియాలి. అది ముగిసేలోపు నాలుగు ఎన్నికలు వచ్చి వెళ్తాయి.

మా నాయకుడి సంగతికి వస్తాను. ఆయన గెలిచారు. తరువాత రెండేళ్లకు అమ్మ స్నేహితురాలి స్థలంలోకి పక్కింటివాళ్లు గోడ జరిపారు. భర్త లేని మనిషి, నలభై గజాల రేకుల ఇల్లు. ఆమెను ఆయన దగ్గరకు తీసుకెళ్లింది అమ్మే. పక్కింటివాళ్లు అప్పటికే వెళ్లి కలిసి ఉన్నారు. పంచాయితీ అరగంటలో ముగిసింది, ఆమె సగం స్థలం వదులుకుంటూ సంతకం పెట్టింది. స్టేషన్‌లో ఫిర్యాదు కూడా తీసుకోలేదు. ఏ ఎస్‌ఐ అయితే ఆయన మాట వింటాడని మేం మురిసిపోయామో, ఆ ఎస్‌ఐ అప్పుడూ ఆయన మాటే విన్నాడు.

మన నగరానికి మంచివారిని గెలిపించడం చేతకాదనీ అనలేం. 2009లో కూకట్‌పల్లి నుంచి లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్‌ను గెలిపించింది ఇక్కడివారే. 2014లో ఆయన మల్కాజిగిరి లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. మురికివాడలవాళ్లు ఓట్లు అమ్ముకుంటారని టీ తాగుతూ తిట్టేవారిలో ఎందరు వరుసలో నిలబడుతున్నారో కూడా అడగండి. 2024లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పోలింగ్ సగానికి కూడా చేరలేదు.

ఇప్పుడు నేను అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. మురుగు పొంగితే అసోసియేషన్ డబ్బిచ్చి బండిని పిలిపిస్తుంది, కాబట్టి అఫిడవిట్లు చదివి ఓటు వేయడం నాకు సులువు. అమ్మ ఇంకా ఆ గల్లీలోనే ఉంది. పోయిన ఎన్నికలప్పుడు ఫోనులో అఫిడవిట్లు తెరిచి, ఎవరి మీద ఏ సెక్షన్లు ఉన్నాయో ఒక్కొక్కటీ చదివి వినిపించాను. ఓపికగా విన్నది. "సరే నాన్నా, ఏ కేసూ లేదన్నావే, ఆయన ఇల్లు ఎక్కడ?" అని అడిగింది. అఫిడవిట్‌లో చూశాను. మా బస్తీకి పద్దెనిమిది కిలోమీటర్లు.