ప్లాట్ టెన్షన్ అని బావమరిది టాబ్లెట్లు వేసుకుంటున్నారా?

ప్రశ్న: నా వయసు 47. ఉప్పల్ దగ్గర ప్లాట్ అమ్మి ఫ్లాట్ కొంటున్నాం. బయానా తీసుకున్నాక కొనేవాళ్లు గజానికి రేటు తగ్గించమంటున్నారు, ఇటు ఫ్లాట్ ఓనర్ తొందరపెడుతున్నాడు. గుండె దడ, ఇంట్లో అందరి మీదా అరుస్తున్నా. నిద్ర కోసం బావమరిది వాడే ఆల్ప్రజోలం 0.5 మూడు వారాలుగా వేసుకుంటున్నా, కొన్నిసార్లు రెండు పెగ్గుల తర్వాత కూడా. మొన్న రాత్రి మీడియేటర్‌తో ఫోన్‌లో ఏం ఒప్పుకున్నానో పొద్దున సరిగా గుర్తులేదు. మెడికల్ షాపులో బీపీ 160/100 అన్నారు. రిజిస్ట్రేషన్ దాకా కూల్‌గా ఉండే చిట్కాలు చెప్పగలరు.

జవాబు: చిట్కాలు తర్వాత, ముందు ఆ టాబ్లెట్ సంగతి చూద్దాం. బావమరిదికి ఏ జబ్బుకి, ఎంత డోసులో, ఎన్నాళ్లకని రాశారో ఆయన డాక్టర్‌కి తెలుసు, మీకెవరు రాశారండీ? ఆల్ప్రజోలం వేసుకున్నాక మాట్లాడినవి గుర్తుండకపోవడం ఆ మందుకి తెలిసిన లక్షణమే, ఆల్కహాల్ కలిస్తే ఇంకా ఎక్కువ. లక్షల బేరం ఆ స్థితిలో ఫోన్‌లో మాట్లాడారు, నాకు అదే భయంగా ఉంది. పైగా ఆల్కహాల్‌తో కలిపితే నిద్రలో ఊపిరి మందగించి ప్రాణం మీదకి రావచ్చు, ఈ రోజు నుంచి ఆ రెండూ కలపొద్దు, కాస్త మత్తుగా ఉన్నా బండి నడపొద్దు.

అలాగని టాబ్లెట్ రేపటి నుంచి ఒక్కసారిగా ఆపేయకండి. కొన్ని వారాలు రోజూ వాడి టక్కున ఆపితే నిద్ర అసలే పట్టదు, చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి, డాక్టర్ చూసి మెల్లగా తగ్గించాలి. ఇంకోటి, రాత్రి వేసుకున్నది దిగిపోయే టైంకి ఆందోళన, చిరాకు తిరిగి పెరగొచ్చు, మీరు ప్లాట్ వల్ల అనుకుంటున్న కోపంలో కొంత ఈ టాబ్లెట్‌దే అయ్యుండొచ్చు. మా ఓపీకి ఇలాంటివాళ్లు వస్తూనే ఉంటారు, అందరూ చెప్పేది ఒకటే, రిజిస్ట్రేషన్ అయ్యేదాకే కదా డాక్టర్ అని. అది అయ్యాక లోన్, ఆ తర్వాత ఇంటీరియర్, టాబ్లెట్ మాత్రం ఆగదు.

బీపీ 160/100 తక్కువేం కాదు, కానీ షాపులో నిలబడి చూపించుకున్న ఒక్క రీడింగ్‌తో నేనేమీ తేల్చలేను. కాఫీ, సిగరెట్ అరగంట ముందే మానేసి, ఐదు నిమిషాలు కూర్చుని, రెండుసార్లు చూడండి, పొద్దున సాయంత్రం అలా వారం రాసుకోండి. ఈలోపు ఫిజీషియన్‌ని కలిసి ఈసీజీ, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి, గుండె దడకి థైరాయిడ్ కూడా కారణం కావచ్చు. ఛాతీ పట్టేసినట్టుండి ఎడమ చేతికో దవడకో నొప్పి పాకినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, బీపీ 180/120 దాటి తలనొప్పి, చూపు మసక లాంటివి ఉన్నా గ్యాస్ అనుకుని సర్దుకోకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక మీరడిగింది. రాత్రి ఎనిమిది తర్వాత మీడియేటర్ ఫోన్ ఎత్తకండి, రేటు మాటలు పగలే, ఇంట్లోవాళ్లు పక్కనుండగా మాట్లాడండి, ఏం ఒప్పుకున్నారో వాట్సాప్‌లో రాయించుకోండి. కోపం ఎక్కుతోందనిపిస్తే రేపు చెప్తానని లేచి వచ్చేయండి, పది నిమిషాలు నడవండి, ఊపిరి మెల్లగా తీసుకుని అంతకంటే మెల్లగా వదలండి. ఈసీ (ఆస్తి మీద తాకట్టు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల కాగితాలు) లాయర్‌కి ఇవ్వండి, కాగితాల మీద అనుమానం ఉన్నంతకాలం ఏ టాబ్లెట్టూ నిద్ర పట్టించదు. మాట్లాడుకోవాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో కూడా మాట్లాడతారు, ఫ్రీనే.

మిమ్మల్ని చూడకుండా ఇంతకంటే చెప్పలేను, డోస్ అసలే చెప్పను. రేపే అపాయింట్‌మెంట్ తీసుకోండి, రిజిస్ట్రేషన్ స్లాట్ కంటే ముందు. వెళ్లేటప్పుడు ఆ టాబ్లెట్ స్ట్రిప్ కూడా తీసుకెళ్లండి, ఎన్ని వేసుకున్నారో దాచకుండా చెప్పండి.