అమెరికా ఇండోర్ సాకర్ లీగ్ (1978–92): జనం రాకపోవడం వల్ల మూతపడలేదు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. 1978లో మొదలైన మేజర్ ఇండోర్ సాకర్ లీగ్ 1992లో ఎందుకు మూతపడింది? గోడలకు బంతి కొట్టి ఆడే ఆ ఆటను అసలు ఫుట్‌బాల్ అనవచ్చా? మొదటిదానికి నా జవాబు: చాలా ఊళ్ళలో జనం బాగానే వచ్చారు, కానీ జీతాల ఖర్చు టికెట్ల రాబడిని దాటిపోయింది. రెండోదానికి: నిస్సందేహంగా అనవచ్చు.

నేను డాలస్‌కు ఉత్తరాన ప్లేనోలో ఉంటాను. ఆఫీసు అయ్యాక రాత్రిపూట ఇక్కడి ఇండోర్ మైదానంలో పెద్దవాళ్ళ లీగ్‌లో ఆడతాను. మా జట్టులో యాభై దాటిన వాళ్ళు కొందరున్నారు, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నలు వాళ్ళను రీయూనియన్ అరీనా అనే స్టేడియానికి, ఈ లీగ్‌లోని డాలస్ జట్టు సైడ్‌కిక్స్ ఆటలకు తీసుకెళ్ళేవారట. ఆట అయ్యాక పార్కింగ్ దగ్గర నిలబడి వాళ్ళు చెప్పే కబుర్లు వింటూ ఈ లీగ్ మీద ఆసక్తి పెంచుకున్నాను. తర్వాత పాత పేపర్లు, వీడియోలు వెతికి చూశాను.

ఈ కథకు బీజం 1974లో పడింది. ఆ ఏడాది ఫిబ్రవరి 11న, అప్పటి అమెరికా ఛాంపియన్లు ఫిలడెల్ఫియా ఆటమ్స్, సోవియట్ సైన్యపు జట్టు సీఎస్‌కేఏ మాస్కోతో స్పెక్ట్రమ్ అనే హాకీ స్టేడియంలో తలపడ్డారు. మంచు మైదానం మీద టర్ఫ్ (కృత్రిమ గడ్డి) పరిచి ఆడారు. సోవియట్ జట్టు 6-3తో గెలిచింది. గెలుపు సంగతి అలా ఉంచితే, నడి చలికాలంలో ఒక స్నేహపూర్వక ఆటకు 11,790 మంది వచ్చారు. ఆ రాత్రి అక్కడున్న ఎడ్ టెపర్ అనే వ్యాపారికి ఇందులో లీగ్ నడిపేంత సత్తా కనిపించింది. అంతకుముందు ఒక బాస్కెట్‌బాల్ జట్టును నడిపిన న్యాయవాది ఎర్ల్ ఫోర్‌మన్‌తో కలిసి ఆయన లీగ్ పెట్టారు. 1978 డిసెంబర్ 22న న్యూయార్క్ దగ్గర నాసో కొలీజియం అనే స్టేడియంలో తొలి ఆట జరిగింది. న్యూయార్క్ ఆరోస్ 7-2తో సిన్సినాటి కిడ్స్‌ను ఓడించింది. కిడ్స్ యజమానుల్లో ఒకడైన బేస్‌బాల్ తార పీట్ రోజ్ మొదటి బంతి తన్నాడు.

ఆడనివాళ్ళకు ఈ ఆట ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి, లేకపోతే జనం ఎందుకు ఎగబడ్డారో అర్థం కాదు. మైదానం 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. చుట్టూ హాకీ బోర్డులు, పైన అద్దాలు. ఒక్కో వైపు గోల్‌కీపర్ కాక ఐదుగురు. పదిహేనేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు. గోల్‌పోస్టు వెడల్పు 12 అడుగులే, అంటే బయట ఆడే దానిలో సగం. అయినా గోల్స్ వర్షంలా పడతాయి. కారణం బోర్డులు. బంతి బయటకు పోదు, ఆట ఆగదు. క్యారమ్స్‌లో రీబౌండు కొట్టేవాళ్ళకు ఈ కోణాల సంగతి ఇట్టే అర్థమవుతుంది: ఎదురుగా డిఫెండర్ అడ్డు నిలబడితే బోర్డుకు కొట్టి అతని వెనక నుంచి అందుకోవచ్చు. ఆటగాళ్ళు ఆట నడుస్తుండగానే బెంచీ మీద నుంచి లోపలికీ బయటికీ మారుతుంటారు. తప్పు చేస్తే రెండు నిమిషాలు పెనాల్టీ పెట్టెలో కూర్చోవాలి, ఆ రెండు నిమిషాలు జట్టు ఒక మనిషి తక్కువతో నెట్టుకురావాలి. స్వయంగా ఆడితే తెలుస్తుంది, ఒకటిన్నర నిమిషం పూర్తి వేగంతో పరిగెత్తితే ఊపిరి అందదు. అప్పటి వాళ్ళు ఈ వేగాన్ని సీజన్‌కు యాభైకి పైగా ఆటల పాటు నిలబెట్టారు.

లీగ్ తొలి పెద్ద తార స్టీవ్ జుంగుల్. అసలు పేరు స్లావిషా, యుగోస్లావియాలోని హైదుక్ స్ప్లిట్ క్లబ్బుకు ఫార్వర్డ్. 1978 చివర్లో క్లబ్బు అనుమతి లేకుండానే అమెరికా వచ్చేశాడు. సైన్యంలో చేరాల్సిన వయసు కూడా. క్లబ్బు ఫిర్యాదు చేస్తే ఫీఫా అతన్ని బయటి ఫుట్‌బాల్ నుంచి నిషేధించింది. ఇండోర్ లీగ్ ఫీఫా పరిధిలో లేదు కాబట్టి అక్కడ ఆడటానికి అడ్డులేదు. యూరప్‌లో పెద్ద పేరు సంపాదించాల్సిన ఆటగాడు అలా న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో, ఆరోస్ జట్టుకు గోల్స్ కుప్పలు పోశాడు. లీగ్ మొత్తం కాలంలో ఆరు వందలకు పైగా గోల్స్ కొట్టాడు. 'ఇండోర్లన్నిటికీ ప్రభువు' అని అమెరికా పేపర్లు బిరుదిచ్చాయి. గోల్‌కీపర్ షెప్ మెసింగ్, కుర్రాడు బ్రాంకో సెగోటా, కోచ్ డాన్ పోపోవిచ్, జుంగుల్: ఈ కూటమితో ఆరోస్ మొదటి నాలుగు టైటిళ్ళూ గెలిచింది. అంత గెలిచిన ఆరోస్ కూడా 1984లో మూతపడింది. నాకు ఈ లీగ్ గురించి మొదటి అనుమానం ఇక్కడే వచ్చింది. గెలుపుకీ బ్రతుకుకీ సంబంధం లేని వ్యాపారంలో ఏదో మూలంలోనే తేడా ఉందనుకున్నాను.

జనం విషయానికొస్తే, చాలామంది తెలియక "ఎవరూ చూడని లీగ్" అని రాస్తుంటారు. అది నిజం కాదు. సెయింట్ లూయిస్ స్టీమర్స్ చాలావరకు అదే ఊరి కుర్రాళ్ళతో జట్టు కట్టి, ఒక దశలో ఆటకు సగటున 17 వేల మందిని రప్పించింది. క్లీవ్‌లాండ్ ఫోర్స్ 1983–84లో అదే స్టేడియంలో ఆడే ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ జట్టు క్యావలియర్స్ కంటే ఎక్కువ మందిని తెచ్చింది. కాన్సస్ సిటీ కామెట్స్‌కు ఆటకు 15 వేలు దాటేవారు. లైట్లు ఆర్పేసి, పొగ వదిలి, పాటలు పెట్టి ఆటగాళ్ళను ఒక్కొక్కర్నీ పిలవడం ఆ రోజుల్లో కొత్త. కామెట్స్ యాజమాన్యంలో పనిచేసిన టిమ్ లైవికీ తర్వాత లాస్ ఏంజెలెస్ గెలాక్సీ ఫుట్‌బాల్ జట్టును నడిపిన ఏఈజీ సంస్థకు అధిపతి అయ్యాడు, ఇంగ్లండ్ తార బెక్‌హామ్‌ను 2007లో అమెరికా తెచ్చింది వాళ్ళే. మూడు లక్షల జనాభా కూడా లేని విచిటాలో వింగ్స్ జట్టుకు నారింజ రంగు చొక్కాలేసుకున్న అభిమానులు ప్రతి ఆటకూ వచ్చేవారు, ఆ జట్టులో డెన్మార్క్ ఆటగాళ్ళు ఊరివాళ్ళలా కలిసిపోయారు. పోర్చుగల్ ఫుట్‌బాల్ దిగ్గజం యూసెబియో కూడా కెరీర్ చివర్లో 1979–80లో బఫెలో స్టాలియన్స్‌కు ఆడాడని తెలిసినప్పుడు నేను నమ్మలేక మూడు నాలుగు చోట్ల సరిచూసుకున్నాను.

మా డాలస్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1984లో వచ్చిన సైడ్‌కిక్స్ తొలి రోజుల్లో నానా అవస్థలు పడింది. జట్టుకు ప్రాణం బ్రెజిల్ నుంచి వచ్చిన టాటూ. పొట్టివాడు, ఎడంకాలు, కుడికాలు రెండూ ఆడతాయి. గోల్ కొట్టగానే జెర్సీ విప్పి ప్రేక్షకుల్లోకి విసిరేవాడు. మా జట్టులో ఒకాయన తన అన్న ఆ జెర్సీ కోసం మూడు వరుసల కుర్చీల మీదుగా దూకిన కథ ఇప్పటికీ చెబుతాడు. 1987 ఫైనల్లో సైడ్‌కిక్స్, టకోమా స్టార్స్ తలపడి ఏడో ఆటదాకా వెళ్ళారు. ఆ చివరి ఆట టకోమా సొంత మైదానంలో, 21,728 మంది ముందు. డాలస్ అదనపు సమయంలో 4-3తో గెలిచింది. అమెరికాలో ఇండోర్ సాకర్‌కు ఇంకెప్పుడూ అంతటి రాత్రి రాలేదని నా అభిప్రాయం.

సరిగ్గా ఏడాది తర్వాత, 1988 వేసవిలో, క్లీవ్‌లాండ్, సెయింట్ లూయిస్, మినసోటా, షికాగో జట్లు ఒక్కసారే మూతపడ్డాయి. 1986 ఫైనల్ ఆడిన మినసోటా స్ట్రైకర్స్ కూడా ఉంది అందులో. ఏం జరిగింది?

ఈ జట్లకు సొంత స్టేడియాలు లేవు. హాకీ, బాస్కెట్‌బాల్ యజమానుల దగ్గర అద్దెకు తీసుకోవాలి. వారాంతపు మంచి తేదీలు వాళ్ళకే ముందు. పార్కింగ్, తినుబండారాల డబ్బులో వాటా చాలాచోట్ల చేతికి వచ్చేది కాదు. కేబుల్ చానెళ్ళు ఆటలు చూపించినా, జట్లను పోషించేంత డబ్బు టీవీ నుంచి ఎన్నడూ రాలేదు. మిగిలింది టికెట్ల రాబడి ఒక్కటే. కుటుంబాలు రావాలని ఆ ధరలు తక్కువ పెట్టారు. ఇంకోవైపు మొదటి సీజన్లో 24 ఆటలున్న లీగ్ 1986–87కల్లా 52 ఆటలకు చేరింది. ఆటలు పెరిగితే ప్రయాణం, అద్దె, జీతం అన్నీ పెరుగుతాయి.

దానికి తోడు 1984 తర్వాత బయటి లీగ్ నార్త్ అమెరికన్ సాకర్ లీగ్ కూలిపోయింది. ఆటగాళ్ళంతా ఇటు వచ్చిపడ్డారు. షికాగో స్టింగ్, శాన్ డియాగో సాకర్స్, మినసోటా, న్యూయార్క్ కాస్మోస్ జట్లు మూకుమ్మడిగా ఇండోర్‌లోకి మారాయి. వాటిలో కాస్మోస్ సీజన్ మధ్యలోనే తప్పుకుంది. మంచి ఆటగాళ్ళ కోసం యజమానులు ఒకరితో ఒకరు పోటీపడి జీతాలు పెంచారు. ఆ భారం మోయలేక 1988 నాటికి జీతాల పరిమితి భారీగా తగ్గించాలని పట్టుబట్టారు. ఆటగాళ్ళ సంఘం ఒప్పుకున్నా అప్పటికే నాలుగు ఊళ్ళు పోయాయి. ఆటగాళ్ళది దురాశ అని రాసినవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆ జీతాలు ఇవ్వజూపింది యజమానులే, అదీ పక్క ఊరి యజమానిని ఓడించాలన్న పంతంతో.

ఈ వాదనకు నా దగ్గరున్న బలమైన ఆధారం, అదే కాలంలో నడిచిన ఇంకో లీగ్. 1984లో మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో చిన్న ఊళ్ళు కలిసి అమెరికన్ ఇండోర్ సాకర్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. క్యాంటన్, మిల్‌వాకీ లాంటి ఊళ్ళు, తక్కువ జీతాలు, బస్సు ప్రయాణాలు. పెద్ద లీగ్ దాన్ని పట్టించుకోలేదు. ఆ చిన్న లీగ్ పేరు మార్చుకుని 2001 వరకూ నడిచింది. పెద్ద లీగ్ 1990లో పేరులోంచి 'ఇండోర్' తీసేసింది, ఫోర్‌మన్‌ను 1989లో మళ్ళీ కమిషనర్‌గా, అంటే లీగ్ అధిపతిగా పిలిచింది, ఏదీ కలిసిరాలేదు. చివరి సీజన్లో ఏడు జట్లు మిగిలాయి. టకోమా, సెయింట్ లూయిస్‌కు తర్వాత వచ్చిన కొత్త జట్టు స్టార్మ్ కూడా తప్పుకోవడంతో 1992 జూలై 10న మూసేశారు. శాన్ డియాగో సాకర్స్ చివరి ఐదు టైటిళ్ళూ వరుసగా గెలిచి, మొత్తం ఎనిమిది టైటిళ్ళతో నిలిచింది. దానికి కోచ్‌గా ఉన్న రాన్ న్యూమన్‌కు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదని నా బాధ. బాల్టిమోర్, క్లీవ్‌లాండ్ కొత్త జట్టు క్రంచ్, విచిటా ఆ చిన్న లీగ్‌లోకే వెళ్ళాయి. డాలస్, శాన్ డియాగో 1993లో మొదలైన వేసవి ఇండోర్ లీగ్‌లో చేరాయి.

ఇక మీ రెండో ప్రశ్న. 1985 నుంచి 1996లో మేజర్ లీగ్ సాకర్ (ఎంఎల్ఎస్) వచ్చేదాకా అమెరికాలో అగ్రశ్రేణి బయటి లీగ్ లేదు. ఆ పదేళ్ళు ఈ దేశంలో సాకర్ మీద జీతం తీసుకుని బ్రతకగల చోటు ప్రధానంగా ఇండోరే. 1986లో కెనడా తొలిసారి ప్రపంచ కప్ ఆడినప్పుడు గోల్‌కీపర్ టీనో లెట్టియేరి, సెగోటా, డేల్ మిచెల్ వంటివాళ్ళు వచ్చింది ఈ లీగ్ నుంచే. 1990లో నలభై ఏళ్ళ తర్వాత ప్రపంచ కప్‌కు చేరిన అమెరికా జట్టులో డెస్మండ్ ఆర్మ్‌స్ట్రాంగ్ క్లీవ్‌లాండ్‌లో, బాల్టిమోర్‌లో బోర్డుల మధ్య ఆడినవాడే. ఏళ్ళ తరబడి ఇండోర్ ఆడిన ఫెర్నాండో క్లావిహో 1994 ప్రపంచ కప్‌లో అమెరికా డిఫెన్స్‌లో నిలబడ్డాడు.

ప్రెకీ సంగతి వీటన్నిటికంటే పెద్దది. బెల్‌గ్రేడ్ కుర్రాడు, టకోమా స్టార్స్‌కు, తర్వాత సెయింట్ లూయిస్ స్టార్మ్‌కు ఇండోర్ ఆడాడు. 1992లో ఇంగ్లండ్‌లోని ఎవర్టన్ క్లబ్బు అతన్ని తీసుకుంది. 1998 ఫిబ్రవరి 10న లాస్ ఏంజెలెస్‌లో గోల్డ్ కప్ సెమీఫైనల్లో అమెరికా 1-0తో బ్రెజిల్‌ను ఓడించింది. ఆ ఒక్క గోల్ ప్రెకీ ఎడమకాలిది. ఎంఎల్ఎస్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు 1997లో, మళ్ళీ 2003లో తీసుకున్నాడు. రెండోసారికి నలభై ఏళ్ళు. ఇరుకు చోట బంతిని కాలికి అంటించి తిప్పడం, ఒక్క అర అడుగు దొరికితే కొట్టేయడం అతనిలో అందరూ మెచ్చుకున్నారు. అవి ఇండోర్‌లో రోజూ చేసే పనులే.

పాత ఆటల వీడియోలు యూట్యూబ్‌లో చాలానే ఉన్నాయి. మీరు చూడటం మొదలుపెడితే జుంగుల్ ఆరోస్‌కు ఆడిన రోజుల నుంచి మొదలుపెట్టండి, బంతి అతని దగ్గర లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడో గమనించండి. తర్వాత శాన్ డియాగో సాకర్స్ ఆటలు, ఆ తర్వాత మా టాటూ. శాన్ డియాగో, బాల్టిమోర్, కాన్సస్ సిటీ, మిల్‌వాకీల్లో పాత పేర్లతోనే ఇండోర్ జట్లు తర్వాతి లీగ్‌లలో కొనసాగాయి. మీరు ఆ ఊళ్ళ దగ్గర ఉంటే షెడ్యూలు చూసుకుని పిల్లల్ని తీసుకెళ్ళండి, బోర్డుకు ఆనుకుని ఉండే ముందు వరుస టికెట్ తీసుకోండి.