ఇంజను పట్టేసిన 90 సీసీ పాత బండిని కెఫే రేసర్ (కిందికి వంగిన హ్యాండిలు, ఒంటి సీటుతో పాతకాలపు రేసు బండి రూపం) చేయాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

రంగు చివర. నేను రాసిందంతా మరిచిపోయినా ఈ రెండు మాటలు గుర్తుంచుకోండి.

పదిహేనేళ్ళు మూలనపడి ఇంజను పట్టేసిన (లోపల పిస్టను కదలకుండా బిగుసుకుపోయిన) 90 సీసీ బండి ఉందన్నారు. మొత్తం విప్పి కెఫే రేసర్ చేయాలనుంది, ముందు పెయింటా ఇంజనా, ఫ్రేము తోక కోయొచ్చా, ఎన్నాళ్ళు పడుతుంది అని అడిగారు. నేను చేసింది హోండా ఎస్90. 1964లో మొదలై ఆ దశాబ్దం చివరిదాకా వచ్చిన బండి. 89.5 సీసీ, ఓవర్‌హెడ్ క్యామ్, నాలుగు గేర్లు, 9,500 ఆర్‌పీఎం దగ్గర 8 హార్స్‌పవర్. సిలిండరు నిలువుగా ఉండదు, ముందు చక్రం వైపు దాదాపు పడుకుని ఉంటుంది. మీది ఏ కంపెనీదో చెప్పలేదు గానీ, ఆ తరం చిన్న బళ్ళ రోగాలు చాలావరకు ఒకటే.

రెండు నెలల్లో అయిపోతుందనుకున్నాను. పద్నాలుగు నెలలు పట్టింది. అందులో నాలుగు నెలలు నేను వరస తప్పినందుకే పోయాయి. మొత్తం విప్పేసిన ఉత్సాహంలో ముందు ఫ్రేముకు రంగు వేయించాను. అద్దంలా మెరుస్తుంటే రోజూ చూసుకుని మురిసిపోయేవాణ్ణి. తర్వాత కొత్త సీటు తెచ్చి పెడితే పట్టుకోవడానికి బ్రాకెట్లు లేవు. వెల్డింగు చేయించాల్సి వచ్చింది, జానెడు మేర రంగు మాడిపోయింది. ఇంజను బిగించే రంధ్రాల్లో రంగు పేరుకుని బోల్టులు దూరలేదు. ఆకురాయితో గీకాను. హ్యాండిలు తిప్పితే క్లచ్ లివరు వెళ్ళి టాంకీకి కొట్టుకుంది. చివరికి మొత్తం గీకించి మళ్ళీ మొదటికొచ్చాను.

కాబట్టి నా లెక్కలో వరస ఇది: ముందు బండిని ఉన్న రూపంలోనే నడిచేలా చేయండి. నాలుగు రోజులు తిరగండి. తర్వాత మార్పులన్నీ ఉత్త ఇనుము మీదే చేసి, రంగు లేకుండా బండి మొత్తం ఒకసారి బిగించి మళ్ళీ తిరగండి. ఏదీ ఏదానికీ తగలడం లేదని తేలాకే విప్పి రంగుకు ఇవ్వండి. రెండుసార్లు విప్పడం దండగ అనిపిస్తుంది. రెండోసారి మాత్రం ఒక్క రోజులో విప్పేస్తారు, ఏ బోల్టు ఎక్కడిదో అప్పటికి చేతికి తెలిసిపోతుంది కాబట్టి.

ఇంజను పట్టేసిందన్నారు కదా, కిక్కు రాడ్డు మీద నిలబడి తొక్కకండి. గేరులో వేసి తోయించకండి. రింగుల దగ్గర తుప్పు పట్టి ఉంటే, బలం పెట్టగానే రింగు విరిగి బోరును (పిస్టను ఆడే సిలిండరు లోపలి గోడను) గీస్తుంది, కిక్కు గేరు పళ్ళు రాలతాయి. ప్లగ్గు తీసి నూనె పోసి నాననివ్వాలి. నేను సగం డీజిలు, సగం ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే నూనె కలిపి పోశాను. మూడు రోజులైనా కదల్లేదు. నాలుగో రోజుకు గానీ నాకు వెలగలేదు: సిలిండరు పడుకుని ఉంటే పోసిన నూనె పిస్టను మీద ఎలా నిలుస్తుంది? అడుగు గోడ మీద మడుగు కట్టి, తెరుచుకుని ఉన్న వాల్వు లోంచి సైలెన్సరులోకి జారిపోతోంది. ఇంజనాయిలు తీసేసి, ఇంజను కిందికి దింపి, హెడ్డు పైకి ఉండేలా వెనక్కి నిలబెట్టి మళ్ళీ పోశాను. వారం తర్వాత ఫ్లైవీలు నట్టుకు స్పానరు పెట్టి అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపుతుంటే చిన్న చప్పుడు చేసి కదిలింది. మీ బండి సిలిండరు నిలువుదైతే ఈ తిప్పలుండవు.

కదిలింది కదా అని స్టార్టు చేయకండి. హెడ్డు, బ్లాకు తీసి కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని దాని పొడవునా లాగి, నొక్కి చూడండి. పక్కలకు కాస్త ఆడటం మామూలే. పైకీ కిందికీ టక్కుమని తెలిస్తే మాత్రం బిగ్ ఎండ్ బేరింగు (రాడ్డు కింది కొస క్రాంకును పట్టుకునే చోటి బేరింగు) పోయినట్టే. ఈ చిన్న ఇంజన్లలో క్రాంకు ముక్కలుగా ప్రెస్సు మీద బిగించి ఉంటుంది. దాన్ని విడదీసి, కొత్త పిన్నూ బేరింగూ వేసి, మళ్ళీ సూటిగా నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. డయల్ గేజి లేకుండా ఒక్క సుత్తితో ఆ పని చేస్తామనే చోట ఇవ్వకండి.

బోరింగు (అరిగిన బోరును కొంచెం పెద్దగా కోసి చదును చేయడం) దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఎస్90 బోరు 50 మి.మీ. తుప్పు గుంటలు లోతుగా ఉన్నాయి, 0.25 మి.మీ. ఓవర్‌సైజుకు (అసలు కొలత కన్నా అంత లావు పిస్టనుకు) పోవు, 0.50 వేయాలన్నారు. పిస్టను ఇంకా చేతికి రాలేదు, అయినా తొందరపడి బోరు చేయించేశాను. తీరా వచ్చిన పిస్టను కొలిస్తే ఉండాల్సిన దానికన్నా సన్నం. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ డబ్బాలో గోళీ వేసి ఊపినట్టు చప్పుడు. మళ్ళీ 0.75 పిస్టను తెప్పించి, ఈసారి ముందు దాన్ని వాళ్ళ చేతికిచ్చి, దాన్ని కొలిచాకే బోరు చేయించాను. ఒక సైజు ఊరికే పోయింది. ఓవర్‌సైజులు ఉండేవే నాలుగు, 1.00తో ఆఖరు. ఆ తర్వాత కొత్త స్లీవు దింపించుకోవాల్సిందే. రింగులు వేసే ముందు ఒక్కొక్కదాన్ని బోరులో పెట్టి, పిస్టను తలతో చదునుగా లోపలికి తోసి, కొసల మధ్య ఖాళీ ఫీలర్ గేజితో (సందు కొలిచే పల్చటి రేకులతో) చూడండి. ఈ సైజు బోరుకు 0.15 నుంచి 0.35 మి.మీ. మధ్య ఉంటే నిశ్చింత.

విప్పేటప్పుడు ఇంకో చిక్కు. పాత జపాన్ బళ్ళ కేసింగు స్క్రూలు చూడటానికి మామూలు ప్లస్ స్క్రూల్లాగే ఉంటాయి, కానీ అవి వేరే కొలత, జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవరు వాటిలో పూర్తిగా కూర్చోదు. తిప్పగానే పైకి ఎగదన్ని తల అరిగిపోతుంది. నాకు క్లచ్ కవరు మీదే మూడు స్క్రూలు అలా పోయాయి, డ్రిల్లు పెట్టి తీయాల్సి వచ్చింది. జేఐఎస్ బిట్టు, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవరు ముందే తెచ్చుకోండి. తిరిగి బిగించేటప్పుడు అలెన్ బోల్టులు వేసుకోవచ్చు, కాకపోతే అల్యూమినియంలో మర సులువుగా పోతుంది, చెయ్యి తేలిగ్గా ఉండాలి. ప్రతి భాగం నుంచి వచ్చిన నట్లూ వాషర్లూ వేరే కవర్లో వేసి పేరు రాయండి. విప్పే ముందు ఒక ఫోటో, విప్పాక ఒక ఫోటో. "ఇది గుర్తుంటుందిలే" అనుకున్న ప్రతిదీ నేను మరిచిపోయాను.

టాంకీలో తుప్పుకు ఒక్క మాట: గులకరాళ్ళు వేసి ఊపే పద్ధతి నాకు నచ్చదు. ఎలక్ట్రాలిసిస్ మేలు. నీళ్ళలో చాకలి సోడా కలిపి టాంకీ నిండా పోసి, టాంకీకి తగలకుండా లోపలికి ఒక ఇనుప కడ్డీ వేలాడదీసి, చార్జరు నెగటివ్ టాంకీకీ పాజిటివ్ కడ్డీకీ ఇవ్వాలి. కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీలుది అయితే నీళ్ళలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది, అది పనికిరాదు. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆరుబయటే పెట్టండి, క్లిప్పు తీసే ముందు చార్జరు ఆపండి. కడిగాక వెంటనే ఆరబెట్టి లోపల నూనె తిప్పకపోతే గంటలో మళ్ళీ ఎర్రబడుతుంది. చిల్లులు లేకపోతే లోపల సీలరు పూయకండి. ఐదారేళ్ళకు అది పొరలుగా ఊడొచ్చి కార్బొరేటరులో చేరితే తుప్పే నయమనిపిస్తుంది.

ఇక వైరింగు. అందరూ భయపడేది ఇక్కడే, నాకు మాత్రం అన్నిటికన్నా సరదాగా గడిచింది ఇక్కడే. ఆ కాలపు 6 వోల్టుల చిన్న బళ్ళలో చాలావాటికి వోల్టేజి రెగ్యులేటరే లేదు. బ్యాటరీ, హెడ్‌లైటు కలిసి కరెంటును మింగుతూ వోల్టేజిని అదుపులో ఉంచుతాయి. లైటు స్విచ్చి వేస్తే ఆల్టర్నేటరులో అదనపు కాయిలు కూడా కలుస్తుంది. చాలా తెలివైన ఏర్పాటు, కాకపోతే ఒక్కటి మార్చినా లెక్క తప్పుతుంది. నేను తెలివిగా అన్ని బల్బులూ ఎల్ఈడీలు చేశాను. మింగేవాళ్ళు తగ్గారు, మిగిలిన కరెంటంతా బ్యాటరీ మీద పడింది. రెండు వారాల్లో అందులో నీళ్ళు ఇగిరిపోయాయి. బ్యాటరీ కనెక్షను వదులైతే ఇంకో తిరకాసు, రేజ్ చేయగానే బల్బులన్నీ ఒక్కసారి ఎగిరిపోతాయి. ఎల్ఈడీలే కావాలంటే రెగ్యులేటరు కూడా పెట్టండి, లేదా రెగ్యులేటరుతో కలిపి మొత్తం 12 వోల్టులకు మార్చండి. అప్పుడు బ్యాటరీ, బల్బులు, ఇగ్నిషన్ కాయిలు, హారను అన్నీ మారాలి. పాత సెలీనియం రెక్టిఫయరు (ఆల్టర్నేటరు కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చేది) ఉంటే దాన్ని మొహమాటపడకుండా తీసేసి సిలికాన్ బ్రిడ్జి వేయండి.

రంగు వేశాక లైట్లు మసకగా వెలిగితే బ్యాటరీని తిట్టకండి. ఈ బళ్ళలో ఫ్రేమే ఎర్తు వైరు. కొత్త రంగు కింద ఇనుము దాక్కుంది కాబట్టి కరెంటు తిరిగి వెళ్ళే దారి లేదు. ఎర్తు బిగించే చోట, ఇంజను ఫ్రేముకు తగిలే చోట వాషరంత మేర రంగు గీకేయండి.

స్టార్టు చేయడానికి ఎస్90కి నేను పెట్టిన లెక్కలు: ప్లాటినం పాయింట్ల (స్పార్కు కోసం కరెంటును తెంపే స్విచ్చి) గ్యాపు 0.35 మి.మీ., ఇంజను చల్లగా ఉన్నప్పుడు టాపెట్లు (వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య సందు) 0.05 మి.మీ., రెండు వాల్వులకూ. ఫ్లైవీలు మీద టీ గుర్తు పిస్టను పైకొచ్చిన చోటు, ఎఫ్ గుర్తు స్పార్కు రావాల్సిన చోటు. టీ గుర్తు కలిసినా రెండు రాకర్లూ వదులుగా లేకపోతే ఇంకో చుట్టు తిప్పండి, మీరు ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర ఉన్నారు. మీ బండి లెక్కలు దాని మాన్యువల్లో చూసుకోండి, నావి పెట్టకండి. క్లచ్ కూడా ఇంజనాయిల్లోనే మునిగి ఉంటుంది కాబట్టి కారు ఆయిలు పోయకండి, డబ్బా మీద జాసో ఎంఏ (నూనెలో మునిగే క్లచ్ ఉన్న బళ్ళకు సరిపడే ఆయిలు గుర్తు) అని ఉన్నదే పోయండి. వీటిలో చాలావాటికి కాగితం ఫిల్టరు ఉండదు. మొదటి నూనె నేను వంద కిలోమీటర్లకే మార్చాను, అడుగున వెండి పొడిలా తళతళలాడింది.

కెఫే రేసర్ సంగతికొస్తే, ఫ్రేము ఏ రకమో ముందు చూడండి. గొట్టాల ఫ్రేమైతే వెనక షాక్‌అబ్జార్బర్లు బిగించే చోటు దాటాక మిగిలిన తోకను కత్తిరించి, వంపు తిరిగిన గొట్టంతో కలిపి వెల్డింగు చేయించొచ్చు. ఎస్90లాగా రేకు ప్రెస్ చేసిన ఫ్రేమైతే కోయకండి. దాని బలమంతా ఆ బోలు పెట్టె ఆకారంలోనే ఉంది. ఎక్కడ కోసినా ఆ పెట్టె నోరు తెరుస్తుంది, గుంతలో పడినప్పుడల్లా మెలి తిరుగుతుంది. నేను తోక ముట్టుకోకుండా సీటు మాత్రం ఒంటరిది వేసి, వెనక లైటు చిన్నది పెట్టాను. దూరం నుంచి చూస్తే ఎవరూ పట్టుకోలేరు. ఇంకో సంగతి, గ్రైండరు ఎక్కడ పెట్టినా ఫ్రేము నంబరు, ఇంజను నంబరు ఉన్న చోటికి మాత్రం రానివ్వకండి.

కిందికి వంగిన హ్యాండిలు పెడితే కేబుళ్ళు పొడవెక్కువై మెలికలు పడతాయి, పొట్టివి చేయించుకోవాలి. హ్యాండిలు ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పినా ఇంజను చప్పుడు పెరగకూడదు. పెరిగితే యాక్సిలరేటరు కేబులు లాగుతున్నట్టు. ఫుట్‌రెస్టులు వెనక్కి జరపాలనుకుంటే ముందు కిక్కు రాడ్డు పూర్తిగా దిగుతుందో లేదో చూడండి. నాది దిగలేదు, పాత చోటే ఉంచేశాను.

ఎయిర్ ఫిల్టరు డబ్బా పీకేసి శంఖంలాంటి చిన్న ఫిల్టరు తగిలించడం ఫోటోల్లో బాగుంటుంది. నేనూ తగిలించాను. గాలి ఎక్కువై మిశ్రమం పలచబడింది. ప్లగ్గు సున్నంలా తెల్లగా వచ్చింది, ఎత్తు ఎక్కుతుంటే ఇంజను గుక్కపట్టినట్టయ్యేది. మెయిన్ జెట్టు (కార్బొరేటరులో పెట్రోలు వదిలే చిన్న రంధ్రం) రెండు సైజులు పెంచితే యాక్సిలరేటరు పూర్తిగా తిప్పినప్పుడు సర్దుకుంది, సగం తిప్పినప్పుడు మాత్రం ఎప్పటికీ కుదరలేదు. నెల తర్వాత పాత డబ్బానే మళ్ళీ పెట్టాను. ఉన్నదే ఎనిమిది గుర్రాలు, వాటిలో అర గుర్రాన్ని అందం కోసం పోగొట్టుకోవడం నా వల్ల కాలేదు. వేగం కావాలంటే ఇంజను వైపు ఉండే చిన్న స్ప్రాకెట్‌తో (చైను తిప్పే పళ్ళ చక్రంతో) ఆడుకోండి. 14 పళ్ళ చోట 15 వేస్తే అదే ఆర్‌పీఎంకు సుమారు 7 శాతం ఎక్కువ వేగం వస్తుంది, ఎత్తుల మీద అంతకంత లాగుడు తగ్గుతుంది. బరువున్న వాళ్ళకు ఈ సలహా ఇవ్వను.

టైర్లు ఎంత కొత్తగా కనపడినా పదిహేనేళ్ళ రబ్బరును నమ్మకండి, ట్యూబులతో సహా మార్చండి. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

ఎన్నాళ్ళు అంటే, ఆదివారాలు మాత్రమే కుదిరే మనిషికి ఏడాది అనుకోండి. ముందు ఆ ప్లగ్గు తీసి నూనె పోయండి. ఇంజను కదిలాక, బ్లాకు తీసి రాడ్డు ఆట ఎలా ఉందో, ఫ్రేము గొట్టాలదో రేకుదో ఇక్కడే రాయండి. తోక కోయాలా వద్దా అన్నది అప్పుడు తేల్చుకుందాం.