పడిన బ్రేకరును వెంటనే ఎందుకు నొక్కకూడదు?

ప్రశ్న: ఇంట్లో గీజరు వేసినప్పుడు ఎంసీబీ పడిపోతే పైకి లేపుతాం, మళ్లీ పనిచేస్తుంది. విమానం గాలిలో ఉండగా అలాంటి పనే చేసే బ్రేకరు పడితే మాత్రం పైలట్లు వెంటనే నొక్కకూడదని మా మాస్టారు చెప్పారు. ఆ పరికరం లేకుండా ఎగరడం ఇంకా ప్రమాదం కాదా?
– డిప్లొమా విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ మాస్టారు చెప్పింది నిజం. బ్రేకరును పెట్టింది పరికరం కోసం కాదు, దానికి కరెంటు తీసుకెళ్లే తీగ కోసం. అందుకే తీగ మందాన్ని బట్టి బ్రేకరును ఎంచుతారు. చిన్న విమానాల్లో 22 గేజి రాగి తీగకు 5 ఆంపియర్లు, 20 గేజికి 7.5, 18 గేజికి 10. గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది.

నేను ఇరవై ఆరేళ్లు విమానాల వైరింగు పని చేశాను. బ్రేకర్లు నల్లని చిన్న గుండీల్లా వరసగా ఉంటాయి, తల మీద ఆంపియర్ల అంకె ఉంటుంది. పడిన గుండీ బయటికి పొడుచుకొచ్చి, మెడ చుట్టూ తెల్లని పట్టీ కనిపిస్తుంది. రాత్రి డ్యూటీలో టార్చి వేసి ఆ పట్టీ కోసమే వెతికేవాళ్లం. లోపల రెండు లోహాలు అతికించిన బద్ద ఉంటుంది. కరెంటు ఎక్కువై వేడెక్కితే అది వంగి కొక్కేన్ని వదిలేస్తుంది. అంటే బ్రేకరు పడేసరికే తీగ కూడా వేడెక్కి ఉండవచ్చు. కారణం తెలియకుండా గుండీ నొక్కితే అదే తీగలోకి అదే కరెంటును మళ్లీ పంపినట్టే.

ఒక విమానంలో వంటగది ఓవెన్ బ్రేకరు మూడుసార్లు పడింది, మూడుసార్లూ ఎవరో నొక్కేశారు. ప్యానెల్ విప్పి చూస్తే, క్లాంపు రబ్బరు అరిగిపోయి తీగల కట్ట బ్రాకెట్ అంచుకు రాసుకుంటోంది. వడ్లగింజంత మేర తొడుగు పోయి రాగి మెరుస్తోంది, పక్కన అల్యూమినియం మీద నల్లటి మసి. ఆ మసిని వేలితో తుడిచినప్పుడు కలిగిన భయం నాకు ఇప్పటికీ గుర్తుంది.

2007 జులైలో అమెరికాలోని ఫ్లోరిడాలో సెస్నా 310 అనే చిన్న విమానం కూలిపోయింది. ముందు రోజు నడిపిన పైలటుకు కాలుతున్న వాసన రావడంతో వాతావరణ రాడారు బ్రేకరును లాగేశాడు, వాసన ఆగింది. ఆ సంగతి రాసి పెట్టాడు కూడా. మరమ్మతు చేయకుండానే మర్నాడు విమానం బయలుదేరింది. ఎవరో ఆ బ్రేకరును తిరిగి నొక్కి ఉంటారని దర్యాప్తులో తేలింది. విమానంలోని ఇద్దరు, నేల మీద ముగ్గురు చనిపోయారు.

ఇంకో సంగతి. తొడుగు చిట్లి చిటపట మెరిసే నిప్పురవ్వలను ఈ మామూలు బ్రేకరు పట్టలేదు, ఎందుకంటే ఒక్కో మెరుపు క్షణంలో ఆరిపోతుంది, బద్ద వేడెక్కదు. 1998 సెప్టెంబరు 2న కెనడా తీరంలో కూలిన స్విస్ఎయిర్ 111 విమానంలో ప్రయాణికుల వినోద వ్యవస్థ తీగ మీద అలాంటి మెరుపు ఆనవాలు దొరికింది. పైకప్పులోని ఇన్సులేషన్ పొర అంటుకుంది. వాసన తెలిసిన 21 నిమిషాల్లో విమానం సముద్రంలో పడింది, 229 మంది పోయారు. అలాంటి మెరుపులను గుర్తించే బ్రేకర్లను ఆ తర్వాత విమానాల కోసం తయారు చేశారు.

మీ రెండో సందేహానికి వస్తే, ముఖ్యమైన పరికరాలకు సాధారణంగా వేరే సరఫరా మీద నడిచే జోడు ఉంటుంది. సురక్షితంగా దిగడానికి ఆ పరికరం తప్పనిసరైతే, పొగ, వాసన లేకపోతే, కెప్టెన్ నిర్ణయంతో నిమిషం చల్లారనిచ్చి ఒక్కసారి నొక్కవచ్చు. ఇంధన పంపు బ్రేకరును మాత్రం గాలిలో ముట్టుకోకూడదు.

మీ గీజరు ఎంసీబీ తరచూ పడుతుంటే ఇక లేపకండి. ఎలక్ట్రీషియన్ను పిలిచి ముందు తీగ చూపించండి, తర్వాత హీటింగ్ ఎలిమెంటు.