డాక్టర్ సలహా: డిప్రెషన్ మాత్రలు పాత చీటీతో కొంటున్నాను, ఫర్వాలేదా?

ప్రశ్న: నా వయసు 36. డిప్రెషన్, ఆందోళన ఉన్నాయని ఎనిమిది నెలల క్రితం సైకియాట్రిస్టు ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా., క్లోనజెపామ్ 0.5 మి.గ్రా. కలిసిన మాత్ర రాశారు. నెలన్నరలో తేరుకున్నాను. తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు, అదే చీటీతో మెడికల్ షాపులో కొనుక్కుంటున్నాను. రెండుసార్లు మానేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడంతో మళ్లీ మొదలుపెట్టాను. ఈ మధ్య నాలుగు కిలోలు పెరిగాను. బరువు ఈ మాత్రల వల్లేనా? ఇవి నాకు అలవాటైపోయాయా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు బరువు గురించి అడిగారు. కానీ మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది, ఎనిమిది నెలలుగా ఒకే చీటీ మీద ఈ మాత్ర మీకు దొరుకుతూ ఉండటం, దాన్ని మీ అంతట మీరే ఆపి, మీ అంతట మీరే మొదలుపెట్టడం.

చూడటానికి ఒక్క మాత్రే అయినా అందులో ఉన్నవి రెండు వేర్వేరు మందులు. నాడీకణాలు విడుదల చేసిన సెరటోనిన్ అనే రసాయనాన్ని అవే మళ్లీ లోపలికి తీసుకోకుండా ఎస్సిటలోప్రామ్ అడ్డుకుంటుంది. ఈ పని తొలి రోజుల్లోనే మొదలైనా, మెదడు ఆ మార్పుకు నెమ్మదిగా సర్దుకుంటుంది కాబట్టి మనసు తేలికపడటానికి 2 నుంచి 4 వారాలు, పూర్తి ఫలితం కనిపించడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. ఆందోళన, నిద్రలేమి తీవ్రంగా ఉన్నవారు ఆ వారాలు తట్టుకోవడానికే మొదట్లో క్లోనజెపామ్‌ను జత చేస్తాం. అది వేసుకున్న రోజే పనిచేస్తుంది. సాధారణంగా 2 నుంచి 4 వారాల తర్వాత దాన్ని క్రమంగా తగ్గించి ఆపించాలి. రివ్యూకు రమ్మనడంలో ఒక ముఖ్య ఉద్దేశం అదే. మీరు వెళ్లకపోవడంతో, వారాల్లో ఆగాల్సిన మందు నెలల తరబడి సాగింది.

అలవాటు గురించి మీరు అడిగినదానికి ఒకే సమాధానం లేదు. ఎస్సిటలోప్రామ్ వ్యసనం కాదు. అయితే హఠాత్తుగా మానేస్తే తల తిరగడం, తలలో కరెంటు షాక్ కొట్టినట్లు అనిపించడం, చిరాకు వంటివి కొద్ది రోజుల్లోనే కనిపించవచ్చు. క్లోనజెపామ్‌కు మాత్రం శరీరం నిజంగానే అలవాటుపడుతుంది, ఎక్కువ కాలం వాడి ఒక్కసారిగా ఆపితే కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. మీ ఇబ్బంది ఈ రెండింటిలో దేనివల్లనో, లేక జబ్బే తిరగబెడుతోందో ఉత్తరం చూసి చెప్పడం సరికాదు. జబ్బు తిరగబెట్టడం సాధారణంగా వారాల మీద మెల్లగా జరుగుతుంది కనుక, మానేసిన ఎన్నో రోజున ఏ లక్షణం మొదలైందో రాసుకుని మీ డాక్టర్‌కు చూపించండి.

బాగున్నాను కదా, మళ్లీ డాక్టర్ ఎందుకు అని మీరు అనుకుని ఉంటారు, అది సహజమే. కానీ మొదటిసారి డిప్రెషన్ వచ్చినవారు పూర్తిగా తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు అదే మోతాదు కొనసాగించాలి. మీరు మధ్యలో మానేసిన కాలం ఆ లెక్కలోకి రాదు. ఇక షాపులో చీటీ చూసి మాత్రలు ఇచ్చే వ్యక్తి, మీరు నడుం నొప్పికి ట్రమడాల్ వాడుతున్నారా, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు తరచూ వేసుకుంటున్నారా అని అడగరు. మొదటిదానితో సెరటోనిన్ ప్రమాదకరంగా పెరగవచ్చు, రెండోదానితో కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గతంలో ఎప్పుడైనా నిద్ర అవసరం లేనంత హుషారు, మితిమీరిన ఖర్చు, ఆగని మాటలు ఉండేవా అని కూడా అడగరు. అది బైపోలార్ (కొన్నాళ్లు డిప్రెషన్, కొన్నాళ్లు మితిమీరిన హుషారు ఉండే జబ్బు) అయితే ఈ మందు ఒక్కటే వాడటం మంచిది కాదు. ఇంకో మాట: మీ చీటీతో ఇంట్లో ఇంకెవరికీ ఈ మాత్ర ఇవ్వకండి. ముఖ్యంగా 25 ఏళ్ల లోపు వారిలో తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి దగ్గరగా గమనిస్తూ మాత్రమే ఇవ్వాల్సిన మందు ఇది.

ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి. అప్పటివరకు మాత్ర ఆపవద్దు, పెంచవద్దు, మద్యం ముట్టవద్దు, మగతగా ఉంటే బండి నడపవద్దు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి.

బరువు విషయానికొస్తే, ఎస్సిటలోప్రామ్‌ను నెలల తరబడి వాడినప్పుడు కొందరిలో కొంత పెరగవచ్చు. పోయిన ఆకలి తిరిగి రావడం కూడా కారణం కావచ్చు. థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకుని, ఆ రిపోర్టులతో పాటు పాత చీటీని, ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టను తీసుకువెళ్లండి. మందు మార్చాలా, మోతాదు తగ్గించాలా అన్నది మిమ్మల్ని పరీక్షించాక వారే నిర్ణయిస్తారు.