‘సినిమాలో పెట్టుకో తమ్ముడూ’ అన్న మెసేజ్ ఎక్కడుంది?

ప్రశ్న: ఉద్యోగం మానేసి, సొంత డబ్బుతో టాటూ ఆర్టిస్టుల మీద 70 నిమిషాల డాక్యుమెంటరీ తీశాను. అందులో ముఖ్యమైన ఆర్టిస్టును సొంత అన్నలా చూసుకున్నాను. ఆయన స్టూడియోలోనే పడుకుని నెలల తరబడి షూట్ చేశాను. మిగతా ఆర్టిస్టులను పరిచయం చేసింది కూడా ఆయనే. రాతపూర్వకంగా ఏమీ రాసుకోలేదు. సినిమా యూట్యూబ్‌లో పెట్టి 2 సంవత్సరాల 4 నెలలైంది. అది ఓ విదేశీ ఫెస్టివల్‌కు ఎంపికైందని తెలిశాక ఆయన కాపీరైట్ ఫిర్యాదు చేసి వీడియో తీయించేశారు. తన డిజైన్లను అనుమతి లేకుండా చూపించానని, 15 రోజుల్లో నష్టపరిహారం కట్టాలని లాయర్ నోటీసు పంపారు. ఆయన అసలు కోపం వేరు. సినిమాలో ఓ జూనియర్ ఆర్టిస్టు ‘నా డిజైన్ ఆయన కాపీ కొట్టారు’ అని చెబుతుంది. నాలుగేళ్ల కిందట, షూటింగ్ మొదట్లో, ఆయనే తన స్కెచ్‌ల ఫొటోలు వాట్సాప్‌లో పంపి ‘సినిమాలో పెట్టుకో తమ్ముడూ’ అన్నారు. ఆ ఫోన్ ఇప్పుడు మా అక్క కొడుకు వాడుతున్నాడు. నోటీసు రాగానే టెన్షన్‌లో ‘తప్పయిపోయింది అన్నా, ఎంతో కొంత ఇస్తాను’ అని మెసేజ్ పెట్టాను. పాత తేదీతో స్టాంపు పేపరు మీద అగ్రిమెంట్ తయారు చేసుకుంటే సరిపోతుందని, ఆయన సంతకం ఉన్న రసీదు ఎలాగూ నా దగ్గరుందని ఫ్రెండ్ అంటున్నాడు. ఇంత నమ్మించి మోసం చేసినందుకు చీటింగ్ కేసు పెట్టవచ్చా? — ఓ పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో సగం ఆయన మీద నమ్మకం గురించి, మిగతా సగం ఆ నమ్మకం పోవడం గురించి ఉంది. కోర్టు ఈ రెండూ అడగదు. డిజైన్లను సినిమాలో చేర్చుకోవడానికి వాటి హక్కుదారు మీకు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారా, లేదా అన్నదే అడుగుతుంది. దానికి జవాబు చూపించగలిగితే నోటీసులో బలం పోతుంది. చూపించలేకపోతే, మీరు అన్నదమ్ముల్లా మెలిగిన మాట కూడా ఆయనకే పనికొస్తుంది. ‘రోజూ నా పక్కనే ఉన్నాడు, ఒక్క కాగితం మీద సంతకం అడగలేదు’ అంటారు.

మీరేమో ‘రాతపూర్వకంగా ఏమీ లేదు’ అని రాసేసి, కొన్ని వాక్యాల తర్వాత ఆ రాత గురించే చెప్పారు. ‘సినిమాలో పెట్టుకో తమ్ముడూ’ అన్న వాట్సాప్ మెసేజే ఆ రాత. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 30 ప్రకారం హక్కుదారు ఇచ్చే లైసెన్సు, అంటే వాడుకోవడానికి ఇచ్చే అనుమతి, లిఖితంగా ఉండాలి. ఒకప్పుడు సంతకం కూడా తప్పనిసరి. 2012 సవరణలో ఆ మాట తీసేశారు. హక్కును శాశ్వతంగానో కొంత కాలానికో రాసిచ్చే అసైన్‌మెంట్‌కు మాత్రం సంతకం ఇప్పటికీ ఉండాల్సిందే. ఇక చట్టం ‘లిఖితంగా’ అన్నచోట ఎలక్ట్రానిక్ రూపం కూడా చెల్లుతుందని సమాచార సాంకేతిక చట్టం, 2000లోని సెక్షన్ 4 చెబుతోంది. ఆయన స్కెచ్‌ల ఫొటోలు పంపారు కాబట్టి ఏ డిజైన్లో తెలుస్తోంది. ‘సినిమాలో’ అన్నారు కాబట్టి ఏ హక్కో తెలుస్తోంది. నా దృష్టిలో అది లైసెన్సే.

అంత విలువైన సాక్ష్యాన్ని మేనల్లుడి చేతిలో పెట్టి నాలుగేళ్లు పట్టించుకోకపోవడం ఏమిటి? కెమెరా లెన్సును ఎంత జాగ్రత్తగా తుడుచుకుంటారో, కాగితాలను కూడా అంత జాగ్రత్తగా చూసుకోవాలి. వెంటనే ఆ ఫోన్ తీసుకోండి. రీసెట్ చేయొద్దు, అప్‌డేట్ చేయొద్దు, వాట్సాప్‌ను తీసేసి మళ్లీ ఎక్కించొద్దు. ఛాట్‌ను మొదటి నుంచి చివరి వరకు, మీకు ఇబ్బందిగా ఉన్న భాగాలతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. మధ్యలో నాలుగు స్క్రీన్‌షాట్లు తీసి తెచ్చేవాళ్ల మాట నమ్మడానికి ఏ జడ్జీ తొందరపడరు. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జత చేయాలి. ఒక భాగం ఆ పరికరం ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లది, ఇంకో భాగం నిపుణుడిది. ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్రలాంటి సంఖ్య, కూడా అందులో రాయాలి. అసలు ఫోన్‌నే కోర్టులో పెట్టి, దాని సొంతదారు సాక్ష్యం చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఫోన్ ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మెసేజ్ దొరక్కపోతే ఏం చేయాలో చివర్లో చెబుతాను.

ఆ లైసెన్సుకు రెండు పెద్ద కంతలున్నాయి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లు, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. సెక్షన్ 19 అసైన్‌మెంట్‌కు పెట్టిన ఈ లెక్కే సెక్షన్ 30ఏ ద్వారా లైసెన్సుకు కూడా వర్తిస్తుంది. మీ మెసేజ్ వయసు నాలుగేళ్లు. అంటే ఇంకో ఏడాదిలో దాని కాలం తీరిపోతుంది. ఫెస్టివల్ విదేశంలో ఉంది, అక్కడి ప్రదర్శనకు ఆ మెసేజ్ అండ ఉండదు. ఫెస్టివల్‌కు ఇవాళే ప్రింట్ పంపే ఆలోచన ఉంటే ఆపండి.

తర్వాత, ఆ డిజైన్లు నిజంగా ఆయనవేనా? నోటీసులో ‘నా డిజైన్లు’ అని ఓ గంపగుత్త మాట రాశారు. మీరు దాన్ని విడదీయాలి. ప్రతి టాటూకూ కథ వేరు. ఆయన చేత్తో నేరుగా ఒంటి మీద గీసినవి కొన్ని ఉంటాయి. కస్టమర్ ఫోన్‌లో తెచ్చిన బొమ్మను ప్రింట్ తీసి వేసినవి కొన్ని. గోడకు పెట్టిన రెడీమేడ్ డిజైన్ల షీట్ల నుంచి ఎంచుకున్నవి ఇంకొన్ని. మొదటి రకం మీదే ఆయనకు గట్టి హక్కు. మీ రా ఫుటేజ్‌లో స్టెన్సిల్ షాట్లు వెతకండి. ఊదారంగు సిరాతో ఉన్న ఆ పలుచని కాగితాన్ని చర్మం మీద అతికించి ఊడదీసే షాట్‌కు ముందు, కస్టమర్ ఫోన్ తెర కనిపించే షాట్ ఉందేమో చూడండి. ఉంటే, ఆ డిజైన్‌కు మూలకర్త ఆయన కాదనడానికి మీ సినిమాయే సాక్షి. ఆ ఫైళ్లు కార్డు నుంచి దింపిన అసలు రూపంలో, తేదీలు చెరగకుండా ఉండాలి. ఎడిటింగ్ అయిపోయిందని రా ఫుటేజ్ చెరిపేసి ఉంటే మాత్రం అది మీరు చేసుకున్న నష్టం, నేనేమీ చేయలేను.

ఇంకో వాదన కూడా ఉంది. డబ్బు తీసుకుని, ఎవరి కోసమో, వాళ్లు అడిగితే గీసిన చిత్రం, పోర్ట్రెయిట్ లేదా చెక్కుడు బొమ్మ విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఆ చేయించుకున్న వ్యక్తే అని సెక్షన్ 17(బి) చెబుతుంది. కస్టమర్ డబ్బిచ్చి తన తల్లి ముఖం భుజం మీద వేయించుకుంటే ఆ డిజైన్ కస్టమర్‌దే అనడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. అందుకే సినిమాలో కనిపించే కస్టమర్లందరినీ కలిసి, వాళ్ల ఒంటి మీది టాటూను సినిమాలో చూపడానికి అభ్యంతరం లేదని, కాలం, ప్రాంతం స్పష్టంగా రాసి సంతకాలు తీసుకోండి. ఒంటి మీద ఉన్నదాన్ని కెమెరాకు చూపించడం వాళ్ల వ్యక్తిగత గోప్యతకు కూడా సంబంధించిన సంగతి కాబట్టి, గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన 2017 నాటి పుట్టస్వామి తీర్పు తర్వాత ఆ సంతకం రెండు విధాలా కాపాడుతుంది.

సినిమాలో బొమ్మలు చూపిస్తే ఏం తప్పు, మినహాయింపు ఉందిగా అని మీ ఫ్రెండ్ అనొచ్చు. ఉంది, సెక్షన్ 52(1)(యు)లో. బహిరంగ స్థలంలోనో జనం వచ్చి పోయే చోటనో శాశ్వతంగా ఉన్న కళాకృతిని, లేదా నేపథ్యంలో యాదృచ్ఛికంగా కనిపించేదాన్ని సినిమాలో చేర్చవచ్చు. స్టూడియో గోడ మీద వేసిన బొమ్మకు అది వర్తించవచ్చు. కానీ మీ సినిమా సారమే టాటూలు. సూది ఆగి ఆగి నడుస్తుంటే కెమెరా దాని మీదే నిలబడ్డ షాట్‌ను నేపథ్యం అని ఎవరూ ఒప్పుకోరు. ఈ మినహాయింపు మీద కేసు నడపకండి.

2011లో అమెరికాలో ఇలాంటి గొడవే వచ్చింది. మైక్ టైసన్ ముఖం మీది టాటూను వేసిన కళాకారుడు, అలాంటి టాటూ ఓ హాలీవుడ్ సినిమాలో నటుడి ముఖం మీద కనిపించినందుకు ఆ సినిమా కంపెనీ వార్నర్ బ్రదర్స్ మీద దావా వేశారు. విడుదల ఆపడానికి జడ్జి ఒప్పుకోలేదు గానీ, కళాకారుడి కాపీరైట్ వాదన బలంగానే ఉందన్నారు. కొద్ది వారాల్లో కంపెనీ రాజీకి వచ్చింది. డిజైన్ హక్కులు కళాకారుడివేనని టైసన్ చేత ఆయన ముందే కాగితం మీద రాయించుకుని ఉన్నారు. ఆ తీర్పు మన కోర్టుల మీద బలవంతంగా రుద్దేది కాదు, కానీ కాగితం ఉన్నవాడి పట్టు ఎలా ఉంటుందో అందులో కనిపిస్తుంది.

ఇక ఆ పాత తేదీ స్టాంపు పేపరు సంగతి. ఇది వినగానే నాకు భయమేసింది. ఆ పని చేయొద్దు. ఆ మాట ఎవరితోనూ మెసేజ్‌లో కూడా అనొద్దు. స్టాంపు పేపరు వెనక కొన్నవారి పేరు, తేదీ, వరుస సంఖ్య ఉంటాయి, వెండర్ రిజిస్టర్‌లో కూడా ఉంటాయి. ఈ-స్టాంపు అయితే సమయంతో సహా కంప్యూటర్‌లోనే నమోదవుతుంది. రసీదులోని సంతకాన్ని చూసి దించిన సంతకాన్ని నిపుణుడు పట్టుకుంటాడు. పట్టుకున్నాక మీ కాపీరైట్ కేసు పక్కకు పోతుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336 కింద ఫోర్జరీ, 340 కింద దాన్ని అసలైనదిగా వాడినందుకు కేసు అవుతుంది. మోసం చేసే ఉద్దేశంతో చేసిన ఫోర్జరీకి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఇప్పుడు మీ దగ్గరున్న ఒకే ఒక్క మంచి సాక్ష్యం, ఆ మెసేజ్, పక్కన దొంగ కాగితం పెట్టగానే దాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఆరు నెలలు దాటిన స్టాంపు పేపరు చెల్లదనేది అపోహేనని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతమాత్రాన తేదీ వెనక్కి వేయడానికి అది అనుమతి కాదు.

నోటీసు రాగానే మీరు పంపిన ‘తప్పయిపోయింది అన్నా’ మెసేజ్ కూడా తప్పే. అది ఒప్పుకోలుగా ముందుకొస్తుంది. డబ్బిస్తానన్నది ఇంకా ఎక్కువగా. ఈ క్షణం నుంచి ఆయనతో ఫోన్లు, మెసేజ్‌లు, మధ్యవర్తుల చేత కబుర్లు ఏమీ వద్దు. ఏదైనా మీ లాయర్ ద్వారానే జరగాలి.

చీటింగ్ కేసు కుదరదు. మోసం మొదటి రోజు నుంచే ఆయన మనసులో ఉందని చూపాలి. మిగతా ఆర్టిస్టులను పరిచయం చేసిన మనిషి గురించి అది నిలబడదు. కేసు పెడితే ఆయన ఎదురు ఫిర్యాదు ఇస్తారు. కాపీరైట్ చట్టం సెక్షన్ 63లో ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు ఉంది. అది పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల, నాన్‌బెయిలబుల్ నేరమని 2022లో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తెలిసీ ఉల్లంఘించాలన్నది ఆ సెక్షన్ షరతు, ఆయన పంపిన ఆ పాత మెసేజ్ అక్కడ మళ్లీ మీకు రక్షణ ఇస్తుంది.

కాలపరిమితి. ఆయన నష్టపరిహార దావాకు లిమిటేషన్ చట్టం, 1963లోని ఆర్టికల్ 88 కింద ఉల్లంఘన తేదీ నుంచి మూడేళ్లు. యూట్యూబ్‌లో పెట్టిన తేదీ నుంచి చూస్తే ఇంకా ఎనిమిది నెలలున్నాయి. ఈ ఎనిమిది నెలలు నోరు మూసుకుంటే సరిపోతుందని అనుకోకండి. మళ్లీ వీడియో పెట్టినా, ఎక్కడైనా ప్రదర్శించినా, ఆ ఉల్లంఘనకు కాలం మళ్లీ మొదలవుతుంది. జూనియర్ ఆర్టిస్టు మాటకు పరువునష్టం దావా వేస్తారేమో అనే భయం ఉంటే, ఆర్టికల్ 75 కింద దానికి ప్రచురణ నుంచి ఒక్క ఏడాదే, అది గడిచిపోయింది. క్రిమినల్ పరువునష్టానికి మూడేళ్లుంటుంది కాబట్టి పూర్తిగా తేలిగ్గా తీసుకోవద్దు. వీడియో మళ్లీ పెడితే ఆ ఏడాది కూడా తిరగబెడుతుంది. ఆ అమ్మాయి చెప్పినదానికి ఆమె దగ్గర స్కెచ్‌లు, తేదీలు ఉన్నాయేమో అడిగి తీసుకోండి.

ఇప్పుడు చేయాల్సింది వరసగా చెబుతాను. నోటీసుకు 15 రోజుల్లోపే లాయర్ చేత జవాబు ఇప్పించండి. అందులో డిజైన్లు ఒక్కొక్కటి గుర్తించమని, వాటి మీద హక్కుకు ఆధారం చూపమని అడగాలి. ఆయన పంపిన మెసేజ్‌ను పాత ఫోన్ చేతికి వచ్చాకే ప్రస్తావించాలి. ఆయన నివాసం లేదా వ్యాపారం ఉన్నచోట కూడా దావా వేయడానికి సెక్షన్ 62 వీలు కల్పిస్తుంది. అందుకని అక్కడి కోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఏ కింద కేవియట్ వేయండి. మీకు చెప్పకుండా ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) రాకుండా అది 90 రోజులు కాపలా కాస్తుంది. యూట్యూబ్‌లో కౌంటర్ నోటిఫికేషన్ (వీడియో తీసేయడం మీద మీ అభ్యంతరం) ఇస్తే, 10 పనిదినాల్లో ఆయన కోర్టుకు వెళ్లినట్టు చూపకపోతే వీడియో తిరిగి రావచ్చు. కానీ అది ప్రమాణపూర్వకమైన మాట. మెసేజ్ చేతిలో లేకుండా ఆ ఫారం నింపొద్దు.

ఆ తర్వాత మధ్యవర్తిత్వానికి మీరే ముందుకు రండి. దావా విలువ 3 లక్షలు లేదా అంతకు మించి ఉంటే, అత్యవసర ఉత్తర్వు కోరని దావాకు ముందు మధ్యవర్తిత్వం వాణిజ్య కోర్టుల చట్టం సెక్షన్ 12ఏ ప్రకారం తప్పనిసరి. అక్కడ కుదిరిన రాజీకి ఆర్బిట్రేషన్ అవార్డుతో, అంటే ఇరుపక్షాలూ కట్టుబడాల్సిన తీర్పుతో, సమానమైన బలం ఉంటుంది. ఆ పత్రంలో డిజైన్ల జాబితా, ప్రపంచమంతటా అని, కాపీరైట్ ఉన్నంతకాలం అని, ఫెస్టివల్, ఆన్‌లైన్, టీవీ అన్నీ కలిపి అని స్పష్టంగా రాయించండి. కొంత సొమ్ము ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి, దానికి రసీదు తీసుకోండి. జూనియర్ ఆర్టిస్టు మాటను తీసేయాలని ఆయన పట్టుబడితే, అది మీ సినిమా ప్రాణమైతే తీయొద్దు. దానికి బదులు ఆయన జవాబును కూడా అక్కడే చేర్చడానికి ఒప్పుకోవచ్చు.

మెసేజ్ దొరక్కపోతే ఇంకా దారి ఉంది. సౌండ్ చేసినవాళ్లు, అసిస్టెంట్లు ఉన్న గ్రూపుల్లో ఆయన ఆ ఫొటోలు పంపారేమో, మీ క్లౌడ్ బ్యాకప్‌లో ఉందేమో చూడండి. కెమెరా ముందు ఆయన నోటితో ‘సినిమాకు అభ్యంతరం లేదు’ అన్న క్లిప్ ఉంటే రాతకు సాటి కాదు గానీ, ఆయన మీ సినిమాను ఒప్పుకుని, ప్రోత్సహించి ఇప్పుడు అడ్డుపడకూడదని చెప్పే వాదనకు అది బలం. ఆ క్లిప్‌ను ఎడిట్ చేయకుండా, అసలు ఫైలుగానే తెచ్చి లాయర్‌కు ఇవ్వండి. సినిమాలో పద్దెనిమిది నిండని కస్టమర్ ఎవరైనా ఉంటే ఆ సీనును ఇప్పుడే పక్కన పెట్టండి. వాళ్ల సంతకం చెల్లదు, తల్లిదండ్రుల సంతకం లేకుండా దాన్ని మళ్లీ చూపకండి.