పాత ఓడల్లో ఒక పూట

ప్రశ్న: అమెరికాలోని శాన్ డియేగోలో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. రేవు ఒడ్డున ఉన్న సముద్రయాన మ్యూజియం ఎలా చూడాలి? నాకు మోకాళ్ల నొప్పులు.

జవాబు: మూడు గంటలు పెట్టుకోండి. ముందుగా 1863 నాటి ‘స్టార్ ఆఫ్ ఇండియా’ ఎక్కండి. చెక్క ఓడల రోజుల్లో ఇనుముతో కట్టిన తెరచాప ఓడ ఇది. మొదటి పేరు యూటర్పీ, 1906లో మార్చారు. పై డెక్ చూసి వచ్చేయకండి. న్యూజిలాండ్‌కు వలస వెళ్లినవాళ్లు నెలల తరబడి గడిపింది కింది అంతస్తులోనే. అసలు చూడాల్సింది అదే.

మెట్లు నిచ్చెనల్లా నిటారుగా ఉంటాయి. దిగేటప్పుడు మెట్ల వైపే ముఖం పెట్టి, రెండు చేతులతో పట్టుకుని దిగాలి. మామూలు మెట్లలా దిగబోతే మడమ జారుతుంది. వీపు సంచీ ఇరుకు దారుల్లో తగులుకుంటుంది, తేకపోవడమే మేలు. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి. ఆటు వేళ నీరు దిగి ఓడ కిందికి పోతుంది, అప్పుడు ఎక్కే వంతెన ఏటవాలు పెరుగుతుంది. ఆటుపోట్ల వేళలు చూసుకుని పోటు సమయానికి వెళ్లండి.

‘డాల్ఫిన్’ జలాంతర్గామి మాత్రం మీరు వదిలేయండి, అబ్బాయిని పంపండి. లోపల చాలా ఇరుకు, మోకాళ్లకు కష్టం. ఆలోగా మీరు 1898 నాటి ‘బర్క్‌లీ’ ఫెర్రీలో కూర్చోవచ్చు. ‘మిడ్‌వే’ విమానవాహక నౌక వేరే మ్యూజియం, టికెట్టూ వేరే. దానికి ఇంకో రోజు!